అమ్మానాన్నలతో ఆటకు కూర్చోవడం ఎలా: పులిమేక నుంచి చదరంగం దాకా

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు నాన్నని ఒక్క ప్రశ్న అడగండి. "నీ చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు ఏం ఆడేవాళ్లు నాన్నా?" బీపీ మాత్రలు, బ్యాంకు పని, ఇంటి పన్ను... ఇవి కాకుండా ఇంకోటి ఆయన్ని అడిగి ఎన్నాళ్లయిందో అప్పుడు మీకే తెలుస్తుంది.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఆయన ఏ ఆటా ఆడగా నేను చూడలేదు. ఆ ప్రశ్న అడిగిన రోజు మారుమాట్లాడకుండా లేచి, కిటికీ గూట్లోంచి సుద్దముక్క తెచ్చి, అరుగు మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. నైట్ హాల్ట్ బస్సు మీద వెళ్లినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక, ఆ ఊరి గుడి అరుగు మీద కూర్చుని పులిమేక ఆడేవాడట. అన్నేళ్లూ ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అప్పటి నుంచి ఏడేళ్లుగా ఇద్దరం ఆడుతున్నాం. ఈ ఏడేళ్లలో నాకు తెలిసొచ్చినవి, చేసిన తప్పులతో సహా, రాస్తున్నాను.

ముందు ఆయన ఆట ఏదో కనుక్కోండి

మనకు నచ్చిన ఆట పట్టుకెళ్లి "ఇది నేర్చుకో, బాగుంటుంది" అంటే పెద్దవాళ్లు మొహమాటానికి రెండుసార్లు ఆడి వదిలేస్తారు. నేనూ మొదట ఖరీదు పెట్టి ఒక కొత్త బోర్డు గేము కొనుక్కెళ్లాను. రూల్సు పుస్తకం చదివి వినిపిస్తుంటే నాన్న చూపు టీవీ మీదికి పోయింది. ఆయన చేతికి అలవాటైన ఆటలో అలా జరగదు. అక్కడ ఆయన గురువు, నేర్చుకోవాల్సింది మనం. పెళ్లిళ్లయి, ఉద్యోగాల్లో కుదురుకున్న పిల్లలు తనని మళ్లీ ఏదన్నా నేర్పమని అడగడం ఏ తండ్రికైనా అరుదుగా దొరికేది.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి చదరంగంలో తండ్రి అశోకే గురువు. 2002లో, 15 ఏళ్ల వయసులో ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అలాంటి ఇళ్లలో పెద్దవాళ్లే పిల్లల్ని బల్ల ముందు కూర్చోబెట్టారు. మనలాంటి ఇళ్లలో ఆ వయసు దాటిపోయింది కాబట్టి, ఇప్పుడు పెద్దవాళ్లని కూర్చోబెట్టాల్సింది మనమే.

అడిగితే తెలుగిళ్లలో సాధారణంగా బయటికొచ్చేవి నాలుగైదు ఆటలు. పులిమేక, దీన్నే కొందరు పులిజూదం అంటారు. తర్వాత దాడి: ఒకదానిలో ఒకటిగా మూడు చదరాలు, మనిషికి తొమ్మిది కాయలు, మూడు కాయలు వరసన పడితే "దాడి" అని ఎదుటివాళ్ల కాయ ఒకటి తీసేస్తారు. వామనగుంటలు: రెండు వరసల్లో ఏడేసి గుంటలు, గుప్పెడు చింతపిక్కలు. చదరంగం సరేసరి. అష్టాచెమ్మా పేరు కూడా వస్తుంది. సరదాకి మంచిదే గానీ అందులో సగం గవ్వల చేతిలో ఉంటుంది. నేను చెప్పబోయేదానికి గవ్వలు లేని ఆటే మేలు. ఎదుటి మనిషి ఎలా ఆలోచిస్తున్నాడో తిన్నగా కనిపించేది వాటిల్లోనే.

పటం మీరే గీయండి, ఆయన్ని పక్కన నిలబెట్టుకుని

పాత క్యాలెండర్ వెనకవైపు, లేదా మందపాటి అట్ట తీసుకోండి. పైన మధ్యలో ఒక చుక్క పెట్టండి. అది కొండ కొమ్ము. దాన్నుంచి కిందికి నాలుగు గీతలు, వేళ్లు విప్పినట్టు గీయండి. వాటిని దాటుతూ మూడు అడ్డగీతలు. ఈ మూడూ రెండు పక్కలా కొండ దాటి బయటికి రావాలి. ఎడమపక్క కొసలు మూడింటినీ ఒక నిలువు గీతతో, కుడిపక్క కొసల్ని ఇంకో నిలువు గీతతో కలపండి. అట్టడుగున నాలుగు గీతల పాదాల్నీ కలుపుతూ ఆఖరి అడ్డగీత. ఇది మాత్రం బయటికి రాకూడదు. ఇప్పుడు గీతలు కలిసే చోట్లు లెక్కపెట్టండి. కొమ్ము 1, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4. మొత్తం 23 రావాలి. రాకపోతే ఎక్కడో గీత తప్పింది. మీరు గీస్తుంటే ఆయన వెనకనుంచి "అక్కడ కాదమ్మా, ఇంకాస్త కిందికి" అంటూనే ఉంటారు. అననివ్వండి. ఆట అప్పుడే మొదలైపోయినట్టు.

పులులు మూడు, మేకలు 15. మేకలకు చింతపిక్కలు, పులులకు వాటికంటే పెద్ద గులకరాళ్లు చాలు. మా ఇంట్లో ఒక పులి కొమ్ము మీద, మిగతా రెండూ మొదటి అడ్డగీతలో కొండ మధ్యనున్న రెండు చోట్లా కూర్చుంటాయి. మేకలవాళ్లు ఒక్కో మేకనీ దించుతారు. దించిన ప్రతిసారీ ఒక పులి ఒక అడుగు కదులుతుంది. పదిహేనూ దిగేదాకా మేకలు కదలకూడదు. పులి తన పక్కనున్న మేక మీదుగా గీత వెంట తిన్నగా దూకి అవతలి ఖాళీలో వాలితే ఆ మేక పోయినట్టే. మూడు పులుల్నీ ఎటూ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు.

మేకలు ఆడుతున్నది మీరైతే ఒక కిటుకు గుర్తుపెట్టుకోండి. మూలల్లో ఉన్న మేకని ఏ పులీ దూకలేదు, దాని అవతల గీతే లేదు కనక. కాబట్టి మొదటి మేకలు మూలలకి పోవాలి. పదిహేనూ ప్రాణాలతో దిగితే 23 చోట్లలో 18 నిండిపోయి, ఐదే ఖాళీలు మిగులుతాయి. అక్కణ్నుంచి పులులకు ఊపిరాడదు. అందుకని పులులు ఆడేవాళ్లు మేకలన్నీ దిగకముందే రెండు మూడింటినైనా తినేయాలి. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది గానీ, పులులకూ మేకలకూ బలం వేరు, నడక వేరు, గెలుపు వేరు. చదరంగంలో రెండు సేనలూ ఒకటే కదా. ఈ ఆటలో పక్క మార్చుకుంటే ఆలోచనే మార్చుకోవాలి. నాకు దీనిమీద ఇంత ఇష్టం అందుకే.

రూల్సు ఆయనవే

చదరంగం దగ్గర చాలామంది పిల్లలు తప్పు చేసేది ఇక్కడ. నాన్న బంటుని మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరుపుతారు. మీరు "రెండు గడులు జరపొచ్చు నాన్నా" అంటారు. రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరిపే క్యాస్లింగ్ గురించి ఆయన ఎప్పుడూ విని ఉండరు. ఆట మధ్యలో ఆయన రాజు ఉన్నట్టుండి గుర్రంలా దూకుతాడు. మీరు "అలా కుదరదు" అంటారు. అక్కడితో ఆయన ముఖం మూసుకుపోతుంది.

ఆయన తప్పు ఆడటం లేదు. మన దేశంలో తరాలుగా ఆడిన చదరంగం అదే. ఆ పద్ధతిలో బంటు ఎప్పుడూ ఒక గడే. రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. క్యాస్లింగ్ లేదు. పంజాబులో పుట్టిన మీర్ సుల్తాన్ ఖాన్ తండ్రి దగ్గర నేర్చుకున్నది ఈ పద్ధతే. ఆయన తర్వాత అంతర్జాతీయ నియమాలకు మారి 1929, 1932, 1933లలో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. కాబట్టి నాన్న ఆడేదాన్ని "మన పాత పద్ధతి" అనండి. మొదటి నెల పూర్తిగా ఆ పద్ధతిలోనే ఆడండి. తర్వాత ఆయనే "మీ పద్ధతి ఏంటో చెప్పు" అని అడుగుతారు. అప్పుడు ఒక ఆట అలా, ఒక ఆట ఇలా ఆడుకోవచ్చు. ముక్కల పేర్లు కూడా ఆయనవే వాడండి: ఏనుగు (రూక్), శకటు (బిషప్), గుర్రం (నైట్), మంత్రి (క్వీన్). నోటికి రెండు రోజుల్లో అలవాటవుతాయి.

పులిమేకలోనూ ఊరికో లెక్క ఉంటుంది. ఎన్ని మేకలు పోతే ఆట పోయినట్టు, ఒకే ఎత్తులో రెండు మేకల మీద దూకొచ్చా, ఇలాంటివి మొదలెట్టే ముందే ఒక నోటుబుక్కులో రాసుకోండి, ఆయన చేతే రాయించండి. ముఖ్యంగా ఒకటి: కాయని ముట్టుకుంటే ఆడి తీరాలా, వెనక్కి తీసుకోవచ్చా? మేం దీన్ని ముందు మాట్లాడుకోలేదు. ఒక సాయంత్రం నేను గుర్రం జరిపి, వేలు తీయకుండా వెనక్కి పెట్టాను. నాన్న ఒప్పుకోలేదు, నేనూ తగ్గలేదు. ఇద్దరం గొంతు పెంచాం, ఆయన లేచి వెళ్లిపోయాడు. తర్వాత నాలుగు రోజులు ఆ బల్ల దగ్గరికి ఇద్దరం రాలేదు. నోటుబుక్కులో ఇప్పుడు మొదటి లైను అదే: "ముట్టుకుంటే ఆడాలి. వేలు తీయకపోయినా సరే." నాన్న రాసిందే.

కావాలని ఓడిపోకండి

ఆడగా ఆడగా మీ చేయి పైనయ్యే రోజు వస్తుంది. అప్పుడు జాలిపడి ఆట వదిలేయాలనిపిస్తుంది. అది మాత్రం వద్దు. నేను చేశాను ఒకసారి. ఆయన పులి రెండెత్తుల్లో ఇరుక్కుపోతుందని తెలిసి కూడా, దారి మూయాల్సిన మేకని ఇంకోచోటికి జరిపాను. నాన్న పటంకేసి కాసేపు చూశాడు. ఏమీ అనలేదు. చింతపిక్కలన్నీ అరచేత్తో దగ్గరికి లాగి డబ్బాలో పోశాడు. మూత పెట్టి, "నీకు నిద్రొస్తున్నట్టుంది, పడుకో" అని లోపలికి వెళ్లిపోయాడు. అప్పటికింకా ఎనిమిది కూడా కాలేదు.

మర్నాడు పొద్దున్నే నేనే పటం పరిచి, "నిన్న కావాలని వదిలాను నాన్నా, తప్పయిపోయింది" అన్నాను. పులుల్ని నా వైపుకి తోసి "ఆడు" అన్నాడు.

బలాబలాల్లో తేడా ఉంటే దాన్ని దాచకుండా సరిచేసే పద్ధతులున్నాయి. చదరంగంలో బలమున్నవాళ్లు తమ మంత్రినో, ఏనుగునో ముందే తీసేసి కూర్చోవచ్చు. ఇద్దరికీ తెలిసే జరుగుతుంది కాబట్టి అందులో చిన్నతనం లేదు. పులిమేకలో అయితే రెండాటల్ని ఒక జత అనుకోండి. ఒకదాంట్లో పులులు ఆయనవి, ఇంకోదాంట్లో మీవి. ఎవరి పులులు ఎక్కువ మేకల్ని తిన్నాయో లెక్క. గెలుపోటములు తేదీతో సహా క్యాలెండర్ మీద రాయండి.

వేళ, చోటు

రోజూ కుదరక్కర్లేదు, కానీ వేళ మారకూడదు. మాకు సాయంత్రం టీ తర్వాత, వార్తలు మొదలయ్యే లోపు. ఫోను వేరే గదిలో పెట్టి రండి. బల్ల మీద బోర్లా పెట్టినా ఆయన చూపు దానిమీద ఉంటుంది, ఎప్పుడు లేచిపోతారో అని.

మాట్లాడించాలని చూడకండి

ఆట పేరుతో కూర్చోబెట్టి "నాన్నా, నీ జీవితం గురించి చెప్పు" అంటే ఏ తండ్రీ చెప్పడు. ఆట గురించే అడగండి. "ఆ మేకని అక్కడెందుకు పెట్టావు?" ఇది ఆయన జవాబు చెప్పగల ప్రశ్న. మిగతాది దాని వెనకే వస్తుంది, రాకపోయినా నష్టం లేదు. ఎదురెదురుగా కూర్చుని గంటసేపు ఒకే పటం చూసుకోవడం కూడా తక్కువేం కాదు. నాన్న మౌనంగా ఉన్నాడంటే అలిగాడనుకునేదాన్ని చిన్నప్పుడు. ఆయన లెక్క కడుతున్నాడని ఆ పటం ముందు కూర్చున్నాకే తెలిసింది.

నాన్న మేకలు ఆడితే ఒక్క మేకని కూడా వదులుకోడు. ఒకదాన్ని ఎరవేస్తే పులి మూలకి దూకి ఇరుక్కుంటుందని కనిపిస్తున్నా సరే, వేయడు. ఆ పట్టుదల వల్ల ఎన్నో ఆటలు పోగొట్టుకున్నాడు. ఒకరోజు అడిగాను, ఒక్కటి పోతే ఏమైంది నాన్నా, ఆట నీదేగా అని. "డ్యూటీ దిగేటప్పుడు టికెట్లూ డబ్బులూ సరిపోవాలి కదమ్మా. ఒకటి తక్కువొస్తే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు" అన్నాడు. అన్నాక, ఒక వర్షాకాలం రాత్రి బస్సు దిగిపోయిన ముసలావిడకి ఇవ్వాల్సిన చిల్లర ఇవ్వడం మర్చిపోయి, మళ్లీ ఆ రూటు పడినప్పుడు ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లిన సంగతి చెప్పాడు. చెబుతూనే తన వంతు మేకని జరిపాడు. నేను ఏమీ అడగలేదు. నా పులిని జరిపాను.

అమ్మ అయితే

అమ్మని ఆటకి పిలిచే ముందు అంట్లు మీరు తోమండి. కూర తరిగి పెట్టండి, కుక్కరు మీరు దించండి. ఇది ఊరికే అంటున్న మాట కాదు, మొదటి మెట్టు ఇదే. వంటింట్లో పని మిగిలుంటే ఆవిడ కూర్చున్నా సగం చెవి విజిల్స్ మీదే ఉంటుంది. "నాకేం వచ్చమ్మా ఆటలు" అనే అమ్మల్లో ఎక్కువమందికి ఆట రాక కాదు, ఆడే తీరిక ఎవరూ ఇవ్వక.

మా అమ్మ మొదటి ఏడాదంతా గుమ్మంలో నిలబడి బియ్యం ఏరుతూ చూసేది. ఒకరోజు నా వెనకనుంచి "ఆ మేక కాదు, దాని పక్కది" అంది. నిజమే, ఆ ఒక్క ఎత్తుతో నాన్న పులి ఇరుక్కుంది. అప్పటినుంచి మా ఇంట్లో మూడో మనిషి ఉంది. ఆవిడ అసలు చెయ్యి మాత్రం వామనగుంటల్లో చూడాలి. గుంటలోంచి పిక్కలు తీయకముందే ఆఖరి పిక్క ఎక్కడ పడుతుందో ఆవిడ కళ్లు అక్కడికి వెళ్లిపోతాయి.

విశ్వనాథన్ ఆనంద్‌కి చదరంగం నేర్పింది వాళ్లమ్మ సుశీల. 1970ల చివర్లో వాళ్లు మనీలాలో ఉన్నప్పుడు అక్కడి టీవీలో మధ్యాహ్నం పూట చదరంగం కార్యక్రమం వచ్చేది. కొడుకు బడిలో ఉంటాడు కాబట్టి, ఆవిడ అందులో చూపించిన ఆటలూ పజిల్సూ రాసిపెట్టేదట. సాయంత్రం ఇద్దరూ కూర్చుని వాటిని విప్పేవాళ్లు. మీరూ ఇది చేయొచ్చు. పేపర్లో వచ్చే చదరంగం పజిల్‌ని కత్తిరించి దాచమని అమ్మకి చెప్పండి, వెళ్లినప్పుడు కలిసి విప్పండి.

దూరంగా ఉంటే

హైదరాబాద్‌లో ఉన్నా, డాలస్‌లో ఉన్నా పద్ధతి ఒకటే: రోజుకో ఎత్తు. పులిమేకకి ఒకేలాంటి పటాలు రెండు గీయండి. 23 చోట్లకీ పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి అంకెలు వేయండి. రెండింటి మీదా అంకెలు ఒకే చోట ఉన్నాయో లేదో ఫోటో తీసి సరిచూసుకోండి. ఇక ఫోను చేసి "మేక పద్నాలుగులో దించాను" అంటే చాలు. అవతల ఆయన తన పటం మీద చింతపిక్క పెట్టుకుంటారు. డాలస్‌కీ మనకీ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. మీ రాత్రి భోజనం వేళ ఆయన పొద్దుటి కాఫీ వేళ. రోజుకో ఎత్తుకి ఇంతకంటే అనువైన తేడా ఉండదు, ఆలోచించుకోడానికి పగలంతా దొరుకుతుంది.

చదరంగానికైతే లీచెస్ యాప్ ఉంది. పూర్తిగా ఉచితం, ప్రకటనలు రావు. అందులో కరస్పాండెన్స్ అనే పద్ధతి ఎంచుకుంటే ఒక్కో ఎత్తుకి కొన్ని రోజుల గడువు పెట్టుకోవచ్చు. ఖాతా తెరవడం, అక్షరాలు పెద్దవి చేయడం మీరు ఇంట్లో ఉన్నప్పుడే చేసి, రెండు మూడు ఆటలు పక్కనే కూర్చుని ఆడించి రండి. ఫోనులో చెప్పి నేర్పబోతే ఇద్దరికీ విసుగు. అయినా నా మనసు రెండు పటాల వైపే. తెర మీద ఆటైతే ఎత్తు వేశాక అయిపోతుంది. ఫోను చేసి చెప్పాలంటే గొంతు వినాలి.

కళ్లు, చేతులు, జ్ఞాపకం

శుక్లాలు ఉన్నవాళ్లకి నల్లకాయలూ ముదురు గోధుమరంగు కాయలూ ఒకేలా కనిపిస్తాయి. పటం పెద్దది గీయండి. ఒకవైపు తెల్ల బొత్తాలు, ఇంకోవైపు ఎర్రవి పెట్టండి. చేతులు వణికితే తేలికైన ప్లాస్టిక్ ముక్కలు పడిపోతుంటాయి, బరువున్న చెక్కముక్కలు మంచివి. నేల మీద కూర్చోలేకపోతే ఎత్తు సరిపోయే బల్ల చూడండి.

"ఇవి ఆడితే మతిమరుపు రాదంట" అని చెప్పి మాత్రం కూర్చోబెట్టకండి. మందులా ఇస్తే ఆటలా ఉండదు. నిజంగానే జ్ఞాపకం తగ్గుతున్నవాళ్లయితే, తప్పు ఎత్తు వేసినప్పుడు దిద్దకండి. ఎవరి వంతో మర్చిపోతే మెల్లగా "నీదే నాన్నా" అనండి. పులిమేక కష్టమైతే దాడికి, అదీ కష్టమైతే గుంటల్లో పిక్కలు పంచడానికి దిగండి. చింతపిక్కల్ని వేళ్లతో ఒక్కొక్కటిగా జారవిడవడం చేతులకి చాలాకాలం గుర్తుంటుంది. మా అమ్మమ్మ ఆఖరి రోజుల్లో మా పేర్లు మరిచిపోయింది, కానీ గుంట ఖాళీ అయితే దాని పక్క గుంట కోసం చెయ్యి చాపేది.

ఆట మధ్యలో ఆపి బయల్దేరండి

సెలవులు అయిపోయి బస్సెక్కే రోజు ఆటని ముగించకండి. సగంలో ఆపండి. కాయలు కదలకుండా పటాన్ని అల్మారా మీద పెట్టి, పైన న్యూస్‌పేపరు కప్పండి. దుమ్ము దులిపేటప్పుడు ఎవరైనా కదిపేస్తారేమోనని కాయలు ఎక్కడెక్కడున్నాయో నోటుబుక్కులో అంకెలతో నాన్న చేత రాయించండి: పులులు 3, 9, 16, మేకలు ఫలానా, ఫలానా. కింద తేదీ వేయించండి. తర్వాతి ఎత్తు ఎవరిదో కూడా.